స్కోపు కొనబోయి ఆగాను



మా అమ్మాయి కాలేజీలో ఎన్‌సీసీ. రైఫిల్ షూటింగ్ పోటీలకి వెళ్తానంది. మిర్చి డబ్బులు చేతికి రాగానే స్కోపు కొనిద్దామని బయల్దేరాను. దూరంది దగ్గరగా కనపడితే ఇక గురి ఎట్లా తప్పుద్ది అనుకున్నా.

నేర్పే సారు ఆపారు. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో స్కోపు పెట్టనివ్వరంట. పీప్ సైటే వాడాలి. వెనక సన్నటి రంధ్రం, ముందు గుండ్రటి రింగు, రింగు మధ్యలో నల్లటి టార్గెట్. దాని నడుమ 10 పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే! మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది ఈ పోటీలోనే.

నన్నూ చూడమన్నారు. మామూలు గాడి సైటులో ముందు పుల్ల మసకగా ఉంది. యాభై దాటిన కళ్లు కదా! సన్న రంధ్రంలోంచి చూస్తే పుల్లా, టార్గెట్టూ రెండూ తేటపడ్డాయి. స్కోపులో టార్గెట్ పెద్దగా కనపడింది, నా చేతి వణుకూ అంతే పెద్దగా కనపడింది. "కొన్ని దూరపు పోటీల్లో స్కోపు వాడతారు. కానీ అది చూపిస్తుందండీ, వణుకు ఆపదు" అన్నారు సారు.

నాగలి తోలేటప్పుడు అవతలి గట్టు మీద చెట్టుని గురి పెట్టుకునేవాళ్లం. చెట్టు ఎంత బాగా కనపడినా, మేడి మీద చెయ్యి కుదరకపోతే సాలు వంకరే.

అమ్మాయికి ఈ రూలు ముందే తెలుసంట. నా సంబరం చూసి చెప్పలేకపోయిందంట. ఆ డబ్బు ప్రాక్టీసుకే ఇచ్చాను. మీరూ పిల్లలకి ఏదైనా కొనేముందు ఒకమాట వాళ్లనే అడగండి.