ఇరువదియొక్క అంకెల సంఖ్య

అరువదియేడు రెండ్లను వరుసగా గుణించి, ఫలమునుండి ఒకటి తీసివేసినచో 147573952589676412927 వచ్చును. ఇది అభాజ్యమని, అనగా ఒకటిచేతను తనచేతను దక్క మఱి దేనిచేతను నిశ్శేషముగా భాగింపబడదని, ఫ్రాన్సు దేశపు మతాచార్యుడు మెర్సెన్ 1644లో వ్రాసెను. పెద్దలమాటకు ఎదురేమి! 1876లో లూకా అను గణితజ్ఞుడు అది అభాజ్యము కాదని నిరూపించెను గాని, కారణాంకములను చూపలేకపోయెను. 1903 అక్టోబరున న్యూయార్కులో అమెరికా గణితసంఘ సభయందు కోల్ పండితుడు, 193707721ని 761838257287చే గుణించిన ఆ సంఖ్యయే వచ్చునని చూపెను.

నేను ఉపాధ్యాయుడనైన తొలియేట, గుణించు రెండ్ల లెక్క అభాజ్యమైనచో ఇట్టి సంఖ్యయు అభాజ్యమే యని తరగతిలో గట్టిగా చెప్పితిని. వెనుకబల్లనున్న బాలిక యొకతె లేచి, "మాష్టారూ, పదునొకండు రెండ్లు వేసి చూచితిని. 2047 వచ్చినది. 23ను 89చే గుణించినను అదే వచ్చుచున్నదండీ" అనెను.

"నాకంటె నీకెక్కువ తెలియునా? కూర్చుండుము" అంటిని.

ఇంటికిపోయి గుణించి చూడగా ఆమెదే సరి. మఱునాడు ఆ మాట అందఱియెదుట ఒప్పుకొనవలసియుండగా, వేఱు పాఠము తీసితిని. ఆమె ఆ యేడు మఱి యేమియు అడుగలేదు.

మొన్న కోల్ గుణకారమును కాగితముపై నేనే చేసితిని. యంత్రము రెప్పపాటులో చేయును. అయినను చేతితోనే చేయవలెననిపించినది. రెండుమారులు తప్పి, మూడవమారు కుదిరెను. ఒక పూట పట్టినది. నల్లబల్లపై 23 × 89 వ్రాయుటకు ఆనాడు నాకొక నిమిషము చాలియుండెడిది.