దొరికిండు రా రజాకార్

ఏడో తరగతిలో సోషల్ సారు హైదరాబాద్ సంస్థానం విలీనం పాఠం చెబుతున్నారు. రజాకార్ల పేరు రాగానే క్లాసులో తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆ క్లాసులో ముస్లింని నేనొక్కణ్ణే. సారు చూసీ చూడనట్టు పాఠం సాగించారు. సాయంత్రం కబడ్డీలో నా కాలు పట్టుకున్నవాడు "దొరికిండు రా రజాకార్" అని అరిచాడు. పదో తరగతి దాకా నా పేరు అదే.

ఇంటికొచ్చి అబ్బాను అడిగాను. ఆయన దర్జీ. మిషను తొక్కడం ఆపకుండానే చెప్పారు. రజా అంటే ఇష్టం, ఒప్పుదల. కార్ అంటే చేసేవాడు. ఎవరూ బలవంతపెట్టకుండా, కూలి అడగకుండా పనిచేసేవాడు రజాకార్. ఉర్దూ పేపర్లో రక్తదానం గురించి రాసినా, వరద సాయం గురించి రాసినా 'రజాకారానా' అనే మాట ఉంటుందని చూపించారు కూడా. నాకు భలే సంతోషమైంది. మర్నాడు బళ్లో అందరికీ చెప్పేద్దామనుకున్నాను.

దాదీ మూలన కూర్చుని అంతా వింది. "ఆ అర్థం బయట చెప్పకు బేటా, నవ్వుతారు" అంది.

పోలీసు యాక్షన్ రోజుల్లో మా తాతను ఊళ్లోని ఒక గొల్లాయన తన గొర్రెల దొడ్లో తొమ్మిది రోజులు దాచాడు. దాదీ రాత్రిళ్లు రొట్టెలు తీసుకెళ్లేది. తాత ఎన్నడూ తుపాకీ పట్టలేదు, ఆ దళంలో చేరలేదు. అయితే ఆయనా దర్జీయే. రజాకార్ల ఖాకీ బట్టలు కుట్టాడేమో! ఆ సంగతి దగ్గరికి వచ్చేసరికి దాదీ నోరు విప్పేది కాదు.

అబ్బా చెప్పింది నిఘంటువు అర్థం. నిఘంటువును అడ్డం పెట్టుకుని తప్పించుకోవడం నాకిష్టం లేదు. కాసిం రజ్వీ నాయకత్వంలో ఇత్తెహాదుల్ ముస్లిమీన్ వాలంటీర్ దళం 1947, 48లలో ఊళ్ల మీద పడి దోచుకుంది, చంపింది. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో మనుషుల్ని వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆ ఊరి ముసలమ్మ ముందు నిలబడి "అమ్మా, రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు" అని నేను అనగలనా?

అనలేను. కాని అదే ఆగస్టులో, అదే మూకకు వ్యతిరేకంగా రాసినందుకు చేయి నరికించుకుని చనిపోయిన ఇమ్రోజ్ సంపాదకుడి పేరు షోయబుల్లా ఖాన్. నిజాం మీద పోరాడమన్న కమ్యూనిస్టు కవి పేరు మఖ్దూం మొహియుద్దీన్. విసునూరు దేశ్‌ముఖ్‌ను కోర్టుకీడ్చి ప్రాణం పోగొట్టుకున్న రైతు పేరు బందగీ. మరి రజాకార్లను గడీల్లో పెట్టి మేపిన దొరలు? వాళ్లు హిందువులే. వాళ్ల మనవల్ని కబడ్డీలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. దొర మనవడు దొరే అయ్యాడు, దర్జీ మనవడు రజాకార్ అయ్యాడు. ఈ లెక్క ఎవరు వేశారు?

ఆ మాట ఇంకో పని కూడా చేసింది. పోలీసు యాక్షన్ తర్వాత జరిగిన చావుల్ని మింగేసింది. కేంద్ర ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నాయి. నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. చచ్చినవాళ్లంతా రజాకార్లే అనుకుంటే ఇక ఎవరికి మాత్రం చదవాలనిపిస్తుంది?

ఈ మాట తగలడానికి మైనారిటీయే కానక్కర్లేదు. 1971లో పాకిస్తాన్ సైన్యం తూర్పు బెంగాల్లో పెట్టిన సహాయక దళానికీ ఇదే పేరు. బంగ్లాదేశ్‌లో ఇది ద్రోహి అనే తిట్టు. 2024 జులైలో ఉద్యోగాల కోటా మీద విద్యార్థులు రోడ్డెక్కితే, ఉద్యోగాలు రజాకార్ల మనవలకు ఇవ్వాలా అని ప్రధాని షేక్ హసీనా అడిగారు. ఆ రాత్రే ఢాకా విద్యార్థులు "నువ్వెవరు, నేనెవరు? రజాకార్, రజాకార్" అని ఆ తిట్టును నెత్తిన పెట్టుకుని అరిచారు. ఆగస్టు 5న ఆమె దేశం విడిచి వెళ్లారు. అక్కడ ఎక్కువమంది ముస్లింలే అయిన వీధుల్లో ఆ పిల్లలు అలా అనగలిగారు. ఇక్కడ మా అమ్మాయి అనగలదా?

అదే ఏడాది మార్చిలో ఆ పేరుతోనే తెలుగులో సినిమా వచ్చింది. ఇంటర్ చదువుతున్న మా అమ్మాయికి ఫోన్లో ఒక క్లాస్‌మేట్ ఆ మాట పంపాడు, పక్కన నవ్వే బొమ్మ పెట్టి. "ఏం రాయాలి అబ్బా?" అని నా దగ్గరికొచ్చింది.

నేను రజా, కార్ అని విడగొట్టి చెప్పలేదు. గొర్రెల దొడ్డి సంగతి చెప్పాను, గొల్లాయన సంగతి చెప్పాను. అంతా విని, "మరి ముత్తాత ఆ బట్టలు కుట్టాడా?" అని అడిగింది.

తెలియదు అన్నాను.