నిలిచిన బండి, నిద్రించు బ్యాటరీ

వాడక దాచిన వస్తువు చెడదని మనలో ననేకులు తలంతురు. అటకమీద బోర్లించిన ఇత్తడిబిందె విషయమున నది నిజమే. కాని పట్టుచీర సంగతి మన మెరుగుదుము. పెట్టెలో నేండ్లతరబడి యొకే మడతమీద నుంచినచో ఆ మడతయొద్దనే చిరుగును. అందుచే నప్పుడప్పుడు విప్పి, గాలికి వేసి, మడత మార్చి మరల దాచుచుందుము. నేటి గృహములలో నిట్టి శ్రద్ధనే కోరు వస్తువు మరియొకటి కలదు. అది బ్యాటరీ. కారులోనో, స్కూటరులోనో, ఇన్వర్టరు క్రిందనో అది లేని యిల్లు నేడరుదు.

మా తడ పులికాట్ సరస్సు దాపుననున్న యూరు. ఈశాన్య ఋతుపవనమే మాకు ముఖ్యమైన వానకాలము. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ముసురు, నడుమనడుమ తుఫానులు. సరస్సునకు ఫ్లెమింగో పక్షులు వచ్చు దినములలోనే మా వీథులలోని కార్లకు విశ్రాంతియు వచ్చును. పరదేశములం దుద్యోగములు చేయు పిల్లలు సంక్రాంతికి వచ్చువరకు గుడ్డ కప్పి యుంచిన కార్లు కూడ కొన్ని కలవు. చలిదేశములలో మంచు కురియనారంభింపగానే, పడకయు పొయ్యియు గల విహారపు బండ్లను నెలలతరబడి నిలిపివేయుదురు. వారికి మంచు, మనకు ముసురు. కారణము వేరైనను నిలిచిన బండిలోని బ్యాటరీ పడు బాధ యొక్కటియే.

2023 డిసెంబరు మొదటివారమున మిచౌంగ్ తుఫాను మా తీరమును వణికించినది. ఆ రాత్రులలో నొకనాడు మా పొరుగింటి కోడలికి నొప్పులు ప్రారంభమైనవి. వెంటనే సూళ్లూరుపేటకు తీసికొనిపోవలెను. వాకిట కారున్నది, తోలుటకు కొడుకున్నాడు, పెట్రోలున్నది. తాళము త్రిప్పగా ‘టక్కు’ మను చప్పుడు తప్ప మరేమియు లేదు. విజయదశమినాడు నిమ్మకాయలు త్రొక్కించి నిలిపిన బండి యది. అప్పటికి నలువది దినములు కదలలేదు. జోరువానలో నొక ఆటో దొరకుటకు ముప్పావుగంట పట్టినది. ఆ యత్తగారు వాకిట నిలిచి మ్రొక్కని దైవము లేదు. దైవానుగ్రహమున తల్లియు బిడ్డయు క్షేమముగా నింటికి వచ్చిరి. కాని ఆ ముప్పావుగంటను నేనిప్పటికిని మరువజాలను.

ఇట్లేల జరుగును? 1859లో ఫ్రాన్సుదేశీయుడగు గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు బ్యాటరీయే కొన్ని మార్పులతో నేటికిని మన కార్లలోను, పెక్కు ఇన్వర్టర్లలోను పనిచేయుచున్నది. మన తిరుపతి ప్రక్కన కరకంబాడిలో 1985లో స్థాపితమైన అమరరాజా సంస్థ పేరు పొందినది కూడ నీ బ్యాటరీలచేతనే. అందుండునవి సీసపు పలకలు, నీరు కలిసిన గంధకామ్లము. శక్తి ఖర్చగుకొలది పలకలపై నొక తెల్లని పదార్థ మేర్పడును. త్వరలోనే చార్జి చేసినచో నది విడిపోవును. నెలలతరబడి విడిచినచో గట్టిపడి పొరకట్టును. అటుపిమ్మట నెంత చార్జి చేసినను పూర్వబలము రాదు. ఆరు నెలలు నిద్రించి, లేపగానే యుద్ధమునకు నడచుటకు బ్యాటరీ కుంభకర్ణుడు కాదు.

నిలిచిన బండిలో ఖర్చెక్కడిదని యడుగవచ్చును. బ్యాటరీ తనంతట తానే కొంత తరుగును. ఎండవేడిమి హెచ్చినకొలది ఆ తరుగును హెచ్చును. పైగా కారులోని గడియారము, దొంగలకై యమర్చిన గంట మొదలగునవి తాళము తీసినను మేలుకొనియే యుండును. అవియన్నియు కలిసి ఆంపియరులో నిరువదవ వంతు త్రాగుననుకొందము. దినమునకు 1.2 ఆంపియరు గంటలు, నెలకు 36. చిన్న కారు బ్యాటరీలో పట్టునది సుమారు 35. పాలలెక్క తెలిసిన గృహిణికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

చేయవలసినది కొంచెమే. బండిని నిలుపుటకు ముందు బ్యాటరీని నిండుగా చార్జి చేయింపవలెను. నెలకు మించి నిలుపదలచినచో తీగలు విప్పించవలెను. మైనస్ తీగను మొదట విప్పి, మరల తగిలించునపుడు కడపట తగిలించుట క్షేమము. చిన్న మీటరు నొకదానిని కొనియుంచుకొన్న మేలు. విశ్రాంతిలోనున్న నిండు బ్యాటరీ 12.6 వోల్టులు గాని, కొంచెము హెచ్చుగా గాని చూపును. 12.4కు దిగినచో చార్జి చేయవలెను. 12కు దిగినచో దాదాపు వట్టిపోయినట్లే. నిండినవెంటనే తనంతట తగ్గి, తరిగినంతమాత్రమే పోయుచుండు చార్జర్లును నేడు దొరకుచున్నవి. వాకిటనే అయిదు నిమిషములు ఇంజను నడిపిన చాలునని కొందరందురు. అది చాలదు. అర్ధగంటసేపైన బండి రోడ్డుమీద పరుగెత్తవలెను.

ఇన్వర్టరు బ్యాటరీకి నీటిసేవ కూడ వలయును. గుర్తువరకు డిస్టిల్డ్ వాటరు మాత్రమే పోయవలెను. బోరునీటిలోని లవణములు పలకలను చెరచును. చార్జి యగునపుడు దానినుండి మండెడి వాయువు వెలువడును గనుక గాలి యాడుచోట నుంచి, దీపమును అగరువత్తిని దూరముగా నుంచవలెను. యాత్రలకు పోవునపుడు నిండుగా చార్జి చేసి, ఇన్వర్టరును పూర్తిగా నార్పి, నెలకొకసారి చార్జి చేయుటకై తాళము పొరుగువారి కిచ్చి పోవుట మంచిది. నేటి విద్యుత్ స్కూటర్లలోని లిథియం బ్యాటరీలకు మాత్రము ఈ నియమము వర్తింపదు. చాలకాలము వాడకుండ నుంచునపుడు వానిని సగమునకు కొంచెము పైగా నింపి చల్లనిచోట నుంచవలెను.

మా ప్రక్కనే శ్రీహరికోట యున్నది. 2023 జూలై 14న అచ్చటనుండి యెగసిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రునిపై దిగినది. చంద్రుని రాత్రి మనకు పదునాలుగు దినములు. అది రాకమునుపే సెప్టెంబరు 2న ప్రజ్ఞాన్‌ను, 4న విక్రమ్‌ను శాస్త్రజ్ఞులు నిద్రపుచ్చిరి. ప్రజ్ఞాన్ బ్యాటరీని పూర్తిగా నింపి, మరల నుదయించు సూర్యుని వెలుగు పడునట్లు దాని ఫలకము నమర్చి మరీ నిద్రపుచ్చిరి. సెప్టెంబరు 22న పిలువగా బదులు రాలేదు. ఆ దారుణమైన చలి నోర్చుటకు గాక, ఒక పగటిపనికే అవి పంపబడినవి. ఐనను నింపి నిద్రపుచ్చు నియమమును వారు విడువలేదు. మన వాకిట నట్టి చలియు లేదు, అంత దూరమును లేదు. నెల కొక్క ఘడియ శ్రద్ధ చాలును.

సోదరీమణులారా, బండి తోలువారు తోలునపుడే దానిని తలంతురు. మెకానిక్కు చెడిన పిమ్మట వచ్చును. నిలిచియున్న దానిని కనిపెట్టి యుండుట ఇంటనుండు మనకే సాధ్యము. పాలలెక్క వ్రాయు క్యాలెండరులోనే ప్రతినెల మొదటి తేదీయెదుట ‘బ్యాటరీ’ యని వ్రాసియుంచుడు. వానకాలపు రాత్రి ఆపద ముందుగా చెప్పి రాదు. అది వచ్చునాటికి తాళము త్రిప్పినవెంటనే బండి పలుకవలెను.