తిరువయ్యారులో ఒక రోజు

ఆరాధన రద్దీ తగ్గాక నిదానంగా చూడాలని మాఘమాసంలో కోయంబత్తూరు నుంచి బయలుదేరాం. నేను, నా భార్య, మా అమ్మ, పన్నెండేళ్ల మా అమ్మాయి. తంజావూరు నుంచి తిరువయ్యారు సుమారు 13 కిలోమీటర్లు. దారిలో వంతెన తరువాత వంతెన. అయిదు నదుల ఊరు కనుకనే ఆ పేరు.

ముందుగా పంచనదీశ్వరుని దర్శించుకున్నాం. దక్షిణ ప్రాకారంలో ఒకచోట పిలిస్తే ఏడుసార్లు మారు పలుకుతుందంటారు. అమ్మాయి పిలిచి లెక్కపెట్టబోయి నవ్వేసింది. తిరుమంజన వీధిలో త్యాగయ్యగారు నివసించిన చోటు చూసుకుని కావేరి గట్టుకు చేరాం.

1767లో తిరువారూరులో తెలుగు కుటుంబంలో పుట్టిన త్యాగయ్య 1847లో ఇక్కడే సమాధి అయ్యారు. మనలాగే ఆయన బతుకంతా తమిళసీమలోనే. పాటలు మాత్రం ఇంటి భాషలో. పాడుబడిన ఆ సమాధికి గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. నంజనగూడులో పుట్టిన ఆమె తన సంపాదనంతా ధారపోసి 1926లో ప్రతిష్ఠ జరిపించారు. ఆరోజుల్లో స్త్రీలను అక్కడ పాడనివ్వకపోతే, వారితో వేరే బృందం కట్టి పాడించారు. 1952లో కన్నుమూసిన ఆమె విగ్రహం ఈనాటికీ గురువుగారి సన్నిధికి ఎదురుగా చేతులు జోడించి ఉంది.

అమ్మాయి అక్కడ కూర్చుని శ్రీరాగ పంచరత్నం పాడింది. పుస్తకంలో అంతా తమిళ లిపి. క, గ లకు ఒకటే అక్షరం కనుక పైన అంకెలు వేసుకుంది. పాడడం అయ్యాక, "నాన్నా, 'మహానుభావులు' అంటే ఏమిటి?" అంది. నేను తమిళంలో చెప్పబోయాను. మా అమ్మ నా చెయ్యి పట్టి ఆపి, "పెద్ద మనసున్న వాళ్లమ్మా. అదుగో, ఎదురుగా కూర్చుందే, అలాంటివాళ్లు" అని నాగరత్నమ్మను చూపించింది.

నాకు సిగ్గేసింది. సంగీతం మాస్టారికి జీతం ఇచ్చాను గాని, ఇంట్లో అక్షరాలు దిద్దించలేదు. ఎవరిని తప్పుపట్టను?

బజారులో పెసరపప్పుతో చేసే అశోకా హల్వా వేడివేడిగా ఆకులో పెట్టించుకుని తిన్నాం. తిరుగు బస్సులో మా అమ్మ మనవరాలి అరచేతిలో వేలితో "అ" రాసింది. తంజావూరు చేరేసరికి "ఊ" దాకా వచ్చారు.

మీరూ వెళ్లిరండి. పిల్లలను తప్పక తీసుకువెళ్లండి. వెళ్లేముందు నాలుగు అక్షరాలు నేర్పి తీసుకువెళితే మరీ మంచిది.