పడక పుండుకు కారణం వయసేనా?

సికింద్రాబాద్‌లో మెట్టుగూడ రైల్వే వాళ్ల పేట. పక్కనే లాలాగూడలో రైల్వే ఆసుపత్రి. ఉద్యోగం ఇక్కడే చేసి, పింఛను తీసుకుంటూ ఇక్కడే ఉండిపోయిన పెద్దవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది. పిల్లలు బెంగళూరులోనో అమెరికాలోనో ఉంటారు. దంపతుల్లో ఒకరు పోయాక మిగిలినవాళ్లు వృద్ధాశ్రమంలో చేరడం ఇప్పుడు వింతా కాదు, తప్పూ కాదు. ఒంటరిగా బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకోవడం కంటే మంచి ఆశ్రమం ఎంతో నయం. అయితే అక్కడినుంచి వచ్చిన మనిషిని చూసినప్పుడు మా డాక్టర్ల నోట ఒక మాట తేలిగ్గా వచ్చేస్తుంది: ‘వయసైపోయింది కదా!’ బరువు తగ్గినా వయసే, మగతగా ఉన్నా వయసే, నడుం కింద పుండు పడినా వయసే. నిర్లక్ష్యం దాక్కోవడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు. ఒంటిని పూర్తిగా చూడకుండా ఆ మాట అనే హక్కు మాకు లేదని నా గట్టి నమ్మకం.

పూర్తిగా చూడటమంటే బట్టలు తప్పించి, పక్కకు తిప్పి చూడటం. పడక పుండ్లు తుంటి మీద, నడుం కింద, మడమల దగ్గర పుడతాయి. ఒకే వైపు ఒత్తిడి పడి రక్తం ఆడక చర్మం చచ్చిపోతుంది. రెండు గంటలకోసారి పక్క మారిస్తే చాలావరకు ఆపగలం. కమిలిన మచ్చల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. పెద్దవాళ్ల చర్మం పలచన, ముంజేతుల మీద ఊదారంగు మచ్చలు ఎవరూ కొట్టకుండానే వస్తాయి. అమెరికాలో లారా మొస్కెడా బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో ప్రమాదవశాత్తూ పడిన మచ్చల్లో దాదాపు 90 శాతం కాళ్లూ చేతుల మీదే కనిపించాయి. మెడ, చెవులు, పిరుదులు, అరికాళ్ల మీద ఒక్కటీ లేదు. కాబట్టి చెవి వెనక కమిలితే ‘మంచం తగిలింది’ అన్న జవాబుతో సరిపెట్టుకోకూడదు. మందుల సంచీ కూడా తిరగేయాలి. బీపీ మాత్రల స్ట్రిప్ కొన్నది కొన్నట్టే ఉండి, మత్తు మాత్రల స్ట్రిప్ మాత్రం ఖాళీ అయిపోయిందంటే, ఆ మగత రోగంవల్ల వచ్చింది కాదు.

మంచి సంరక్షణలోనూ పుండ్లు పడతాయి కదా అంటారు. నిజమే. క్యాన్సర్ ముదిరినవాళ్లకు, చివరి రోజుల్లో ఉన్నవాళ్లకు ఎంత చేసినా పడవచ్చు. పుండు ఒక్కటే చూసి ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదు. కానీ శుభ్రంగా కట్టు కట్టి, ఎప్పుడు మొదలైందో చెప్పగలిగే పుండు వేరు. తడిసిన డైపర్ కింద నల్లబడి వాసన కొడుతూ, వెంట వచ్చిన ఆయాకు సైతం తెలియని పుండు వేరు. ఆ ఆయాను తిట్టడం కూడా న్యాయం కాదు. రాత్రిపూట ఒక్క మనిషికి అంతమందిని అప్పగించిన యాజమాన్యం ముందు జవాబు చెప్పాలి. వృద్ధులుండే సంస్థల్లో ప్రతి ముగ్గురు సిబ్బందిలో ఇద్దరు, గడిచిన ఏడాదిలో ఏదో ఒక రకంగా పెద్దవాళ్లను బాధపెట్టామని ఒప్పుకున్నట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎక్కడో ఒకరిద్దరు క్రూరులుంటే వచ్చే లెక్క కాదది. 2020 జనవరిలో కీసర దగ్గర నాగారంలో, అనుమతి లేని ఒక ఆశ్రమం నుంచి రాచకొండ పోలీసులు 70 మందికి పైగా విడిపించారు. వాళ్లలో మానసిక రోగులున్నారు, గొలుసులతో కట్టేశారన్న వార్తలు వచ్చాయి. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. గొలుసు వార్తవుతుంది. గంటల తరబడి మార్చని డైపర్ వార్త కాదు, కానీ పుండు ఇన్ఫెక్షన్ రక్తానికెక్కితే ప్రాణం తీసేది అదే.

ఇక అన్నిటికంటే బరువైన ప్రశ్న: ఆశ్రమం మీద ఫిర్యాదు చేస్తే, పుండుతో వచ్చిన ముసలావిడ రేపు ఎక్కడ పడుకుంటుంది? ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అందుకే ముందు ఆసుపత్రిలో చేర్చుకుని మంచం ఇవ్వాలి, తర్వాతే మిగతావి. వెంట వచ్చినవాళ్లను బయటికి పంపి, ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. పుండు ఎక్కడ, ఎంత వెడల్పు, ఎంత లోతు అన్నది కేస్ షీట్లో రాయాలి, ఆమె ఒప్పుకుంటే ఫొటో తీయాలి. కొట్టిన గుర్తులుంటే మెడికో లీగల్ కేసుగా నమోదు చేయాలి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయాలి. పిల్లలు పోషణ ఎగ్గొడుతుంటే 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ట్రిబ్యునల్ ఉంది. దూరాన ఉన్న పిల్లలకూ ఒక పని చెబుతాను. డబ్బు పంపేటప్పుడు రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అడగండి. వీడియో కాల్‌లో అమ్మ ముఖం చూసి ఊరుకోకుండా, దుప్పటి తీసి మడమలు చూపించమనండి.