కందెన

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని మన పెద్దలు సామెత చెప్పారు. ఇరుసుకు కందెన లేని ఎడ్లబండి దారి పొడవునా చేసే కిర్రుకిర్రు ధ్వనిని వారు హాస్యానికి సంగీతమన్నారు. మా తాత ఆముదంలో గడ్డి మసి కలిపి, వెదురు గొట్టంలో నింపి, బండి కింద వేలాడదీసేవాడు. ప్రయాణానికి ముందు ఎడ్లకు నీళ్లు పెట్టడం ఎంత ముఖ్యమో, ఇరుసుకు కందెన వేయడం ఆయనకు అంత ముఖ్యం. కాలక్రమంలో ఎడ్లబండి పోయి మా ఇంటికి మోటారు సైకిలు వచ్చింది. కందెన మాత్రం పోలేదు. అది ఇంజన్ ఆయిల్ అని పేరు మార్చుకొంది. ఆ మార్పును నేను ఆలస్యంగా గ్రహించాను. అందుకు మా నాయన మూల్యం చెల్లించాడు.

అది 2003వ సంవత్సరం. నేను హనుమకొండలో ఒక గది అద్దెకు తీసుకొని ఇంటర్మీడియట్ చదువుతున్నాను. మా ఊరు ధర్మసాగరం దాటిన తరువాత వస్తుంది. నాయనకు రెండెకరాల మిర్చి తోట, ఒక స్ప్లెండర్ మోటారు సైకిలు ఉండేవి. సంక్రాంతి సెలవులు ముగిసి నేను తిరిగి బయలుదేరుతుండగా నాయన బండి తాళంచెవి, నూట యాభై రూపాయలు నా చేతికిచ్చాడు. "పట్నంల బండికి ఆయిల్ మార్పియ్యి బిడ్డా. మంచి డబ్బా నూనె పోయించు. ఖాళీ డబ్బా పారెయ్యకు, మీ అమ్మకు కిరోసిన్ పోసుకోను అక్కరకొస్తది" అని చెప్పాడు.

దారిలో ఒక దుకాణం ముందు పీపాలో విడి నూనె అమ్ముతున్నారు. లీటరు నలభై రూపాయలే. చూపుకు చిక్కగా, నిగనిగలాడుతూ ఉంది. నూనె ఏదైనా నూనే కదా, పైగా చిక్కగా ఉన్నదే మంచిది కదా అని నా మనసుకు నేనే సమాధానం చెప్పుకొన్నాను. మిగిలిన డబ్బు సినిమాకు, మిరపకాయ బజ్జీలకు ఖర్చయింది. ఆ ఆదివారం బండి తిరిగి ఇచ్చినప్పుడు నాయన డబ్బా సంగతి అడిగాడు. దుకాణంలో మరచి వచ్చానని అబద్ధమాడాను. ఆయన మరేమీ అనలేదు.

మార్చి నెలలో మిర్చి బస్తాలు ట్రాక్టరులో ఎనుమాముల వ్యవసాయ మార్కెట్టుకు తెల్లవారుజామునే వెళ్లాయి. వేలం వేళకు చేరుకోవాలని నాయన మోటారు సైకిలుపై వెనుకనే బయలుదేరాడు. కాజీపేట ఇంకా నాలుగు కిలోమీటర్లు ఉందనగా ఇంజన్ ఒక్కసారి గరగరమని మూలిగి బిగుసుకుపోయింది. ఎండలో ఆయన ఆ బండిని నెట్టుకుంటూ కాజీపేటలోని మెకానిక్ దుకాణం చేరేసరికి చాలా పొద్దెక్కింది. మార్కెట్టులో ఆనాటి వేలం ముగిసింది. మరునాడు ధర తగ్గింది. కబురందుకొని నేను వెళ్లేసరికి నాయన దుకాణం అరుగుపై కూర్చొని, తువ్వాలతో ముఖం తుడుచుకొంటున్నాడు.

మెకానిక్ భాయ్ ఇంజన్ అడుగున ఉన్న మరను విప్పి నూనెను పళ్లెంలోకి దించాడు. ఆ నూనెను వేళ్ల మధ్య రుద్ది ఎండకు పట్టి చూపాడు. అందులో లోహపు రజను మెరుస్తోంది. "ఏం నూనె పోయించినవ్ తమ్మీ?" అని అడిగాడు. "డబ్బా నూనెనే" అన్నాను. ఆయన నా ముఖంలోకి ఒక క్షణం చూశాడు. తరువాత నూనెలో తడిసిన ఒక చిన్న జాలిని నా చేతిలో పెట్టి, "దీన్ని పెట్రోలుతో కడుగు" అన్నాడు. నూనె పంపు పీల్చుకొనే చోట ఉండే జల్లెడ అది. జిగురు వంటి మడ్డితో పూర్తిగా పూడిపోయింది. "చెరువు తూముకు చెత్త అడ్డంబడితే పొలానికి నీళ్లు పారుతయా? ఇదీ అంతే" అని ఆయన అన్నాడు. కాకతీయులు తవ్వించిన చెరువుల నడుమ పెరిగిన నాకు ఆ పోలిక వెంటనే అర్థమైంది.

ఆ మధ్యాహ్నం నేను ఆ దుకాణంలో నేర్చుకొన్నది, తరువాత చదివి తెలుసుకొన్నది ఇక్కడ చెబుతాను.

ఇంజన్ ఆయిల్ కేవలం రాపిడిని తగ్గించేది కాదు. అది ఇంజన్ లోపలి వేడిని మోసుకొనిపోతుంది, మసిని తనలో కలుపుకొని భాగాలను శుభ్రపరుస్తుంది, తుప్పు పట్టనీయదు. కాబట్టి వాడిన నూనె నల్లబడటమే దోషం కాదు, అది తన పని చేసినందుకు గుర్తు కూడా. కారుకు, మోటారు సైకిలుకు మరొక ముఖ్యమైన భేదం ఉంది. చాలా మోటారు సైకిళ్లలో ఇంజన్, గేర్లు, క్లచ్చి మూడూ ఒకే నూనెలో పనిచేస్తాయి. క్లచ్చి పలకలకు కొంత పట్టు ఉండాలి. మరీ జారుడు గుణం కలిగిన కారు నూనె పోస్తే ఆ పట్టు సడలి బండి లాగదు. అందుకే జపాన్ వారు 1998లో నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్ల నూనెకు ప్రత్యేకంగా జాసో ప్రమాణాలను ఏర్పరచారు. డబ్బాపై 'ఎంఏ' అని ఉంటే అది నూనెలో మునిగి ఉండే క్లచ్చికి తగినదని అర్థం. 2006లో దానిని ఎంఏ1, ఎంఏ2 అని విభజించారు.

డబ్బాపై 10డబ్ల్యు-30, 20డబ్ల్యు-50 వంటి అంకెలు కూడా కనిపిస్తాయి. 'డబ్ల్యు' చలికాలానికి గుర్తు. దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే, చల్లని ఇంజనులో నూనె అంత సులభంగా ప్రవహిస్తుంది. రెండవ అంకె ఇంజన్ వేడెక్కినప్పుడు నూనెకు ఉండే చిక్కదనాన్ని తెలుపుతుంది. మా స్ప్లెండరుకు తయారీదారులు సూచించినది 10డబ్ల్యు-30. మన ఎండలకు చిక్కని నూనే మేలని చాలామంది అంటారు. కాని ఇంజన్ భాగాల మధ్య ఉండవలసిన సందును కొలిచి కట్టినవారు తయారీదారులే కనుక, వారి చేతిపుస్తకమే మనకు ప్రమాణం. ఊరివారి మాట గాని, ధర గాని ప్రమాణం కాదు.

ఇక వడపోత సంగతి. మా బండిలో జల్లెడతో పాటు గిరగిర తిరిగే మరొక వడపోత గిన్నె ఉండేది. అది తిరిగే వేగానికి బరువైన మలినాలు దాని అంచులకు చేరి అతుక్కుంటాయి. ఈ రెండింటినీ కడిగి వాడుకోవచ్చు. మరికొన్ని బండ్లలో కాగితపు ఫిల్టరు ఉంటుంది. దానిని కడిగి వాడకూడదు, గడువు ప్రకారం మార్చవలసిందే. గాలి ఫిల్టరు కూడా నూనెకు తోడబుట్టినదే. పొలం బాటల ఎర్రదుమ్ము, రాళ్లగనుల పిండి గాలితో పాటు లోపలికి చేరితే, ఎంత మంచి నూనె అయినా పిస్టన్ అరుగుదలను ఆపలేదు.

పని ముగిశాక భాయ్ పాత నూనెను ఒక పీపాలో పోశాడు. "మోరీల పోస్తే చెరువుకే పోతది" అన్నాడు. క్రొత్త నూనె ఖాళీ డబ్బాకు మేకుతో రంధ్రం చేశాడు. అలా చేయకపోతే కల్తీ నూనె నింపి అమ్మేవారి చేతికి ఆ డబ్బా చేరుతుందట. పిస్టన్, రింగులు, సిలిండరు పని అన్నీ కలిపి మూడు వేల రూపాయలైంది. నేను మిగుల్చుకొన్నది నూట పది రూపాయలు. నాయన మిర్చి డబ్బు లెక్కపెట్టి ఇస్తుంటే నేను తల వంచుకొని నిలబడ్డాను. భాయ్‌కి అంతా తెలిసిందని నాకు తెలుసు. అయినా ఆయన నాయన ఎదుట ఒక్క మాట అనలేదు. ఆ అవకాశాన్ని నాకే వదిలాడు. ఆనాడు నేను దానిని వినియోగించుకోలేదు.

ఎనిమిదేళ్ల తరువాత, నాకు ఉద్యోగం వచ్చి మొదటి జీతం అందుకొన్న రోజున, వేపచెట్టు కింద మంచంపై కూర్చున్న నాయనతో ఆ మాట చెప్పాను. ఆయన నవ్వాడు.

"ఎరుకే బిడ్డా. నువ్వు డబ్బా తేలేదు గదా, ఆనాడే ఎరుకైంది."

"మరి నన్నెందుకు అడగలేదు నాయనా?"

"నువ్వే చెప్తవని చూసిన" అన్నాడు.

ఆ మాట ముందు మూడు వేల రూపాయలు నాకు చాలా చిన్నవిగా తోచాయి. ఎనిమిదేళ్లు ఆయన నా అబద్ధాన్ని తన మనసులో ఉంచుకొని, నాతో ఎప్పటివలెనే ఉన్నాడు. ఇంజన్ లోపలి నూనె బయటికి కనబడదు. అది చక్కగా ఉన్నన్నాళ్లు దాని ఉనికి కూడా మనకు తెలియదు. ఇంటివారి మధ్య నమ్మకం కూడా అటువంటిదే. నేడు నా బండికి నూనె మార్చవలసినప్పుడల్లా చేతిపుస్తకం తెరిచి అంకె సరిచూసుకొంటాను, ఫిల్టరును నా చేతులతోనే తీసి చూస్తాను. ఖాళీ డబ్బాకు రంధ్రం చేసేటప్పుడు మాత్రం, అమ్మకు అందని ఆనాటి కిరోసిన్ డబ్బా గుర్తుకు వస్తుంది.