సన్నసెగ మీద దప్పళం

కార్తీక సోమవారం వచ్చిందంటే మా బలిఘట్టంలో ఆడవాళ్లకి అసలు చిక్కు వంటతోనే. తెల్లవారకముందే వరాహ నదిలో స్నానం, ఒడ్డున దీపాలు, ఆ తర్వాత బ్రహ్మలింగేశ్వరస్వామి దర్శనం. ఇక్కడ నది ఉత్తరవాహిని, పైగా బలి చక్రవర్తి యాగం చేసిన చోటని ప్రతీతి. అందుకే నర్సీపట్నం నుంచే కాదు, చుట్టుపక్కల ఊళ్ల నుంచీ జనం వస్తారు. వచ్చినవాళ్లలో మన చుట్టాలూ ఉంటారు. పగలంతా ఉపవాసం, సాయంత్రం దీపం పెట్టాక భోజనం. ఆ భోజనం వండాల్సిన మనిషి కూడా ఉపవాసంలోనే ఉంటుంది. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ల మీద ఉన్న మనిషి, అందరూ దీపాలు వెలిగించే వేళకి పొయ్యి దగ్గర నిలబడి పులుసు కాచాలి. ఈ పద్ధతి నాకు చిన్నప్పటి నుంచీ మింగుడుపడదు.

స్లో కుక్కర్ మీద నాకు ఇంత మక్కువ కలగడానికి కారణం ఇదే. లోపల మందపాటి పింగాణీ గిన్నె, దాని చుట్టూ మెల్లగా వేడెక్కే కరెంటు తీగ, పైన గాజు మూత. ఇంతే యంత్రం. ఈల వెయ్యదు, పొంగదు, అడుగంటదు. దాదాపు మరుగు దగ్గరికి వచ్చి, అక్కడే గంటల తరబడి నిలబడుతుంది. ‘లో’ అన్న గుర్తు దగ్గర పెడితే ఏడెనిమిది గంటలు, ‘హై’ దగ్గర పెడితే మూడు నాలుగు గంటలు పడుతుంది. రెండూ చివరికి చేరే వేడి ఇంచుమించు ఒకటే, చేరడానికి పట్టే సమయంలోనే తేడా.

ఇది బద్ధకస్తుల వంట అని మొహం చిట్లించేవాళ్లని చూశాను. వాళ్లకి మన ఇళ్లే గుర్తుచేయాలి. పెరట్లో దాలిగుంట ఉండేది. పిడకల నిప్పు మీద పాలకుండ పెడితే, మీగడ ఎర్రగా కట్టేదాకా పాలు కాగుతూనే ఉండేవి. ఇంటావిడ ఆ పక్కకి వెళ్లేదే కాదు. బొగ్గుల కుంపటి మీద రాచ్చిప్పలో పులుసు పెట్టి పొలానికి వెళ్లేవారు. రంపపు పొట్టు దట్టించిన పొయ్యి గంటల కొద్దీ ఒకే తీరుగా మండేది. కృష్ణా, గుంటూరు వైపు ఉలవచారుకి ఆ చిక్కదనం అలాంటి సెగతోనే వచ్చింది. గ్యాసు పొయ్యి, ప్రెషర్ కుక్కర్ వచ్చాక మనకి తొందర అలవాటైంది. ప్రెషర్ కుక్కర్ మేలు నేను కాదనను. 120 డిగ్రీల దాకా వేడెక్కి, పావుగంటలో పప్పు మెత్తబరుస్తుంది. కానీ దాని పక్కన మనిషి ఉండి ఈలలు లెక్కపెట్టాలి. ముక్కల పులుసుని అందులో పెడితే ముక్క ముక్కగా మిగలదు.

ఈ యంత్రం పుట్టుక వెనక కూడా ఒక ఉపవాసదీక్ష లాంటి నియమమే ఉంది. అమెరికాలో ఇర్వింగ్ నాక్సన్ అనే యూదు ఇంజనీరుకి 1940లో దీని మీద పేటెంటు వచ్చింది. లిథువేనియాలో తన చిన్నతనాన చూసిన పద్ధతి గురించి తల్లి అతనికి చెప్పేదట. యూదులు శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేదాకా నిప్పు రాజెయ్యరు. అందుకని చిక్కుడు గింజలు, దుంపలు వేసిన చోలెంట్ కుండని శుక్రవారం సాయంత్రమే ఊరి రొట్టెల బట్టీలో పెట్టి వచ్చేవారు. బట్టీలో మిగిలిన వేడికి అది రాత్రంతా ఉడికి, మర్నాటికి వేడివేడిగా ఉండేది. నాక్సన్ ఆ పనిని కరెంటుతో చేయించాడు. 1970లో రైవల్ అనే కంపెనీ అతని వ్యాపారాన్ని కొనుక్కుని, మరుసటి ఏడాది దాన్నే క్రాక్‌పాట్ పేరుతో అమ్మింది. ఉద్యోగాలకి బయల్దేరుతున్న అమెరికా ఆడవాళ్లు దాన్ని కళ్లకద్దుకున్నారు. దైవకార్యం కోసం పొయ్యి వదిలి వెళ్లాల్సిన రోజుకి ఎక్కడో లిథువేనియాలో దొరికిన ఉపాయం వరాహ ఒడ్డున పనికిరాకపోవడానికి కారణం నాకు కనిపించదు.

ఇక దప్పళం. దీనికి కావలసినవన్నీ మన చుట్టూ దొరికేవే. చింతపండు, పసుపు చింతపల్లి మన్యం నుంచి నర్సీపట్నం దిగుతాయి. బెల్లానికి అనకాపల్లి ఉండనే ఉంది. నలుగురు తినే ఇంటికి పావుకిలో కంద, రెండు చిలగడదుంపలు, రెండు ములక్కాడలు, ఒక చిన్న ఆనపకాయలో సగం, రెండు వంకాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు చాలు. మామూలు రోజుల్లో గుమ్మడిముక్కలు, ఉల్లిపాయలు పడితేనే దప్పళానికి నిండుదనం. కార్తీకంలో నియమం గట్టిగా పట్టేవాళ్లు ఆ రెండూ ముట్టరు, ఇంగువ కూడా వెయ్యరు. వాళ్లకి కందే దిక్కు, నా మటుకు కంద దప్పళమే ఎక్కువ రుచి.

కందని బియ్యం కడిగిన నీళ్లలో కడిగి, కాస్త పసుపు, చింతపండు పులుసు వేసి పొయ్యి మీద సగం ఉడికేదాకా ఉంచి వార్చండి. దాంతో దురద పోతుంది. గుడి నుంచి తిరిగొచ్చి పది గంటలకి కుక్కర్ పెట్టుకుంటే సరిపోతుంది. గిన్నె అడుగున కంద, చిలగడదుంప, ఆపైన ములక్కాడలు, ఆనపకాయ వెయ్యండి. వేడి అడుగు నుంచీ పక్కల నుంచీ వస్తుంది కనుక గట్టిముక్కలకి అక్కడే చోటు. నిమ్మకాయంత చింతపండు పిసికిన రసం, పసుపు, ఉప్పు, కారం, చిన్న బెల్లం ముక్క, గ్లాసున్నర నీళ్లు. పొయ్యి మీద పోసేటన్ని నీళ్లు పోయకూడదు. ఇక్కడ ఆవిరి బయటికి పోదు, ఆనపకాయ నీరు ఊరుతుంది కూడా. మూత పెట్టి ‘లో’లో వదిలేసి, పోయి నడుం వాల్చండి. మధ్యలో మూత తీసి చూడొద్దు. తీసిన ప్రతిసారీ పోయిన వేడి మళ్లీ పుంజుకోవడానికి పావుగంటో, ఇరవై నిమిషాలో పడుతుంది.

ముక్క చెదరకుండా ఉండే రహస్యం చింతపండులో ఉంది. కూరగాయ గోడల్ని పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం వేడికి కరుగుతుంది, పులుపు తగిలితే ఆ కరగడం నెమ్మదిస్తుంది. అందుకే ఏడు గంటలు ఉడికినా ఆనపకాయ ముక్క గరిటెకి నిలుస్తుంది. అదే పులుపు పప్పుకి శత్రువు. స్లో కుక్కర్‌లో కందిపప్పు పులుసు చేయాలనుకుంటే, పప్పు మెత్తబడ్డాకే చింతపండు కలపాలి. చివరి గంటలో వంకాయలు, పచ్చిమిర్చి వేసి, ‘హై’కి మార్చి, చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పొయ్యండి. ఆవాలు చిటపటలాడేంత వేడి స్లో కుక్కర్‌కి చేతకాదు కాబట్టి ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పొయ్యి మీద పెట్టాల్సిందే. అది రెండు నిమిషాల పని. పక్కన ముద్దపప్పు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. మన చింతపల్లి మన్యంలో రాజ్మా బాగా పండుతుంది. ఆ గింజ సన్నసెగకి బాగుంటుంది కదా అని పచ్చిగింజల్ని నేరుగా స్లో కుక్కర్‌లో వేస్తే ప్రమాదం. ఎర్ర రాజ్మాలో సహజంగా ఒక విషపదార్థం ఉంటుంది. నాలుగైదు గింజలు సరిగా ఉడక్కపోయినా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. గట్టిగా మరిగితేనే అది నశిస్తుంది. 80 డిగ్రీల దగ్గర ఆగిపోయిన సెగకి తగ్గకపోగా పెరగవచ్చు కూడా. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో అరగంట తెర్లించి, అప్పుడు మాత్రమే స్లో కుక్కర్‌లోకి మార్చండి.

మరో మాట, అమెరికా పిల్లలున్న ఇళ్లకి. అక్కడి కుక్కర్ 120 వోల్టులకి తయారైంది, మన ప్లగ్గులో 230 వస్తుంది. సూట్‌కేసులో మోసుకొచ్చి నేరుగా పెడితే మొదటిరోజే కాలిపోతుంది. ఇక్కడి కరెంటుకి చేసినదే కొనాలి. ఖర్చు గురించి బెంగ వద్దు, 200 వాట్ల కుక్కర్ ఎనిమిది గంటలు నడిచినా రెండు యూనిట్లు కాదు. కరెంటు పోతేనే జాగ్రత్త. కాసేపట్లో వస్తే ఫరవాలేదు. రాకపోతే పులుసు గోరువెచ్చగా చల్లారేదాకా ఆగకుండా, వేరే గిన్నెలోకి మార్చి పొయ్యి మీద మరిగించండి. మనం ఇంట్లో లేనప్పుడు ఎంతసేపు పోయిందో తెలియకపోతే ఆ పులుసు పారబొయ్యడమే మేలు.

కుక్కర్ కొనలేని ఇంట్లో మందపాటి ఇత్తడి గిన్నె, కళాయి పూసినది, సిమ్‌లో పెట్టినా దప్పళం బాగానే వస్తుంది, కాకపోతే ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఆ కనిపెట్టుకుని ఉండేది ప్రతిసారీ ఉపవాసం ఉన్న ఇల్లాలే కానక్కర్లేదు. ఈ కార్తీకంలో మగవాళ్లు ఆదివారం రాత్రే కంద చెక్కి, ముక్కలు తరిగి పెట్టండి. సోమవారం సాయంత్రం ఆవిడని మీతోపాటు దీపం దగ్గర కూర్చోనివ్వండి.